రాజాం రేడియో

భావనపాడు,
24 నవంబరు 1968.

బావా,

నేనిక్కడ కులాసా. నువ్వు కూడా కులాసా అని జవాబు రాయనక్కర్లేదు, ఏదో ఒకటి రాస్తే చాలు. మా అప్ప పన్నెండో రోజు కర్మ అయ్యాక నన్ను రాజాంలో బస్సెక్కించావు. అది కదిలేదాకా నిలబడ్డావు, కదిలాక తిరిగి చూడకుండా మిల్లు వైపు నడిచావు. అప్పటి నుంచి ఎన్ని ఉత్తరాలు రాసినా పలుకూ ఉలుకూ లేదు. బియ్యం మిల్లు గుమస్తాకి కాగితాలకీ సిరాకీ కరువొచ్చిందంటే నేను నమ్మను.

ఇక్కడ వానలు వెనకబట్టలేదు. ఉప్పు తీత మొదలవడానికి ఇంకా చాలా రోజులుంది. కుప్పల మీద తాటాకులు కప్పించి కాపలా కాయడమే నా ఉద్యోగం. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పు మళ్ళు, మధ్యలో నా గది. వండుకున్నది రుచిగా ఉందో లేదో చెప్పే మనిషి కూడా లేడు. సాయంత్రం తెప్పల రేవుకి పోతే అప్పలసూరి కనబడతాడు, ఆ రేవులో పెద్దమనిషి. ఎండుచేపలమ్మే తాతమ్మ కనబడుతుంది. వాళ్ళతో నాలుగు మాటలు, అంతే.

నీకో పని చెబుతాను, కాదనకు. ప్రతి లక్ష్మీవారం రాత్రి ఎనిమిదింటికి రేడియోలో ‘శూన్యంలో ఏడుగురు’ నాటకం వస్తుంది కదా. చుక్కల్లోకి వెళ్ళిన నౌక కథ. అది వస్తూంటే నువ్వు పడక కుర్చీలో గురక పెడతావని అప్ప తిట్టేది. మొదటి భాగాలు మీ ఇంట్లోనే అప్పతో కూచుని విన్నాను. నన్నీ ఉప్పులో పడేశాక అప్ప ప్రతి శుక్రవారం కూచుని ఆ వారం కథంతా నాకు రాసి పంపేది. ఎవరు ఏమన్నారు, ఎవరి గొంతు వణికింది, వెనక ఏ వాయిద్యం మోగింది, అన్నీ. నేను రేడియో వింటున్నానో ఉత్తరం చదువుతున్నానో తెలిసేది కాదు.

ఆఖరి ఉత్తరంలో రాసిన భాగం నాకు ఇప్పటికీ వదలడం లేదు. నౌకలో ఏడుగురు ఉన్నారు కదా, వాళ్ళలో మరమ్మత్తులు చేసే రాఘవులు బయటికి వెళ్తాడు. తాడు తెగిపోతుంది. చూస్తూండగానే చిన్న చుక్కై పోతాడు. మిగతావాళ్ళు ఏడుస్తారు, తరవాత ఊరుకుంటారు. రోజులు గడుస్తాయి. అతని పళ్ళెం ఎవరూ తియ్యరు. ఒకనాడు అందరూ తింటూండగా బయటినుంచి తలుపు ఎవరో తడతారు. గాలి కూడా లేని చోట, మనిషన్నవాడు ఉండడానికి వీల్లేని చోట, తలుపు. అక్కడ ఆ వారం కథ ఆపేశారు. “ఒరే, నాకు అన్నం సయించలేదురా ఆ రాత్రి” అని రాసింది అప్ప. నాకూ సయించలేదు. అంత గొప్ప భాగం ఇంకెక్కడా విన్లేదు బావా. దాన్ని రాసినవాడికి దణ్ణం పెట్టాలి.

తరవాతి లక్ష్మీవారానికి అప్ప శ్రీకాకుళం ఆసుపత్రిలో ఉంది. ఆ రాత్రే పోయింది. నీ టెలిగ్రాం వచ్చినప్పుడు నేను మళ్ళ మీద ఉన్నాను. నేను వచ్చి చేరేసరికి బూడిదే మిగిలింది. ఆ వేళ ఏం జరిగింది, ఆఖర్న ఏమంది, నన్ను తలుచుకుందా లేదా, నువ్వు ఒక్క ముక్క చెప్పలేదు. తోడబుట్టినవాణ్ణి, నాకు తెలియాలని ఉంటుంది కదా. అయినా ఇప్పుడు అడగను. నీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పు. కనీసం ఆ లక్ష్మీవారం నాటకంలో ఏమైందో ఎవర్నైనా కనుక్కుని రాయి. తలుపు తట్టింది ఎవరు? ఇకమీద వచ్చే భాగాలు కూడా, అప్ప రేడియో ఇంట్లోనే ఉంది కాబట్టి, విని రాయి.

నీ
గణపతి

*

రాజాం,
9 డిసెంబరు 1968.

ఒరే గణపతీ,

నీ ఉత్తరాలన్నీ అందాయి. ధాన్యం దిగే రోజులు, తల గోక్కోడానికి తీరిక లేదు.

తలుపు ఎవరు తట్టారో నాకు తెలీదు. ఆ భాగం నేను వినలేదు. ఆసుపత్రిలో ఉన్నవాడు నాటకాలు వింటాడా? ఇంకెప్పుడూ దాని ఊసెత్తకు.

మొన్న లక్ష్మీవారం రేడియో పెట్టాను. నీ పోరు పడలేక పెట్టాను. నౌకలో బియ్యం తగ్గిపోయాయట. కెప్టెను రోజూ కొలిచి ఇస్తున్నాడట, అయినా తరుగు వస్తోందట. ఎవరు దొంగని అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. చివరికి చూస్తే దొంగ ఎవరూ లేరు. కెప్టెనే, పోయినవాడి వాటా కూడా కొలిచి పక్కన పెడుతున్నాడు, అలవాటు చొప్పున. చెయ్యి దానంతట అదే కొలిచేస్తోందట. ఇదీ కథ. ఇందులో నీకు ఏం కనిపిస్తుందో నాకు తెలీదు.

నేను హోటల్లో తింటున్నాను. సాంబారు నీళ్ళలా ఉంటుంది. నువ్వు వంట సరిగ్గా చేసుకో, కడుపు పాడు చేసుకోకు.

నరసింగరావు

*

భావనపాడు,
30 డిసెంబరు 1968.

బావా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. నౌకలో బియ్యం కొలవడం ఏమిటని మొదట నవ్వుకున్నాను. అప్ప ఉన్నప్పుడు వాళ్ళు మాత్రలు మింగి బతికేవాళ్ళు. సరే, మాత్రలు అయిపోయి ఉంటాయిలే అనుకున్నాను. కానీ పోయినవాడి వాటా చెయ్యి తనంతట తనే కొలిచేస్తోందన్న దగ్గర మాత్రం ఉత్తరం మడిచి గది బయటికి వచ్చేశాను. నువ్వు దాన్ని ‘ఇదీ కథ’ అని తీసిపారేశావు చూడు, నిన్ను మిల్లులో కట్టేసి కొట్టాలి.

ఆ సాయంత్రం రేవులో ఉత్తరం పైకి చదివాను. అప్పలసూరి వలకి పురి వేస్తూ విన్నాడు. తాతమ్మ తట్ట దించి కూచుంది. గురమ్మ అని అప్పలసూరి చెల్లెలు, ఆవిడా వచ్చింది. మొదటినుంచీ కథ చెప్పమన్నారు, చెప్పాను. తాడు తెగి రాఘవులు కొట్టుకుపోయిన చోట అప్పలసూరి పురి వేయడం ఆపాడు. వాళ్ళకి అది కొత్త కాదు. తరవాత అప్పలసూరి, “మరా తలుపు కొట్టినోడెవడో సెప్పలేదేటి మీ బావ?” అన్నాడు. ఆ భాగం వినలేదన్నాను. “సముద్రం మీద పోయినోడు తిరిగొస్తే ముందు తలుపే కొడతాడు. ఇంకెవడు కొడతాడు” అంది తాతమ్మ. ఆవిడ మొగుడు తెప్ప మీద వెళ్ళి రాలేదట. ఎన్నేళ్ళయిందో నేను అడగలేదు.

అమెరికా వాళ్ళు చంద్రుడి చుట్టూ తిరిగి వచ్చారని పేపర్లో చూశావా? ఇక్కడికి పేపరు మూడో రోజుకి వస్తుంది. చంద్రుడి చాటుకి వెళ్ళినప్పుడు వాళ్ళ మాట ఇక్కడికి అందలేదట. అంతసేపూ వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళు ఎలా ఉండి ఉంటారో అని ఆలోచించాను.

ఆ భాగం ఊసెత్తకు అన్నావు. ఎత్తను. ఎవరో ఒకరు విన్నవాళ్ళు దొరకకపోరు అని మాత్రం అనుకుంటున్నాను. మిగతావి మానకు.

గణపతి

*

రాజాం,
20 జనవరి 1969.

ఒరే,

మొన్నటి లక్ష్మీవారం భాగం రాస్తున్నాను. కాస్త పెద్దది, మిల్లుకి సెలవు కాబట్టి కూచున్నాను.

నౌకకి చాలా దూరంలో ఒక చిన్న చుక్క కనబడింది. దగ్గరికి పోవడానికి వీల్లేదు, దూరం నుంచి చూడడమే. ఒకనాడు కెప్టెను మాటలు అందుకునే యంత్రం ముందు కూచుంటే ఒక ఆడమనిషి గొంతు వినబడింది. ఆవిడ ఆ చుక్క మీద ఒక్కతే ఉంటోందిట. ఎలా వెళ్ళింది, ఎందుకు వెళ్ళింది, అవేవీ చెప్పలేదు. మనిషి కనబడదు, గొంతే. నువ్వెవరు, ఏ ఊరు అని అడుగుతుందని కెప్టెను అనుకున్నాడు. ఆవిడ ఏమందో తెలుసా? “ఏటి తిన్నావు?” అంది.

డబ్బాలో తిండి అన్నాడు.

“అది తిండేటి. పొయ్యి మీద నీళ్ళు పడేసి, సోడిపిండి కలిపి, గరిట తిప్పతా ఉండు. ఉండ కట్టిందంటే నన్నడక్కు. ఉప్పు ఆకర్న వెయ్యి.”

ఆ చుక్క దూరంలో ఉంది కాబట్టి మాట వెళ్ళి రావడానికి పూటంతా పడుతుందట. మొన్న పేపర్లో చంద్రుడి సంగతి చదివాను, అక్కడికే కాస్త ఆలస్యమవుతుందట, ఇది ఇంకా దూరం. అందుకని కెప్టెను ఒక అలవాటు చేసుకున్నాడు. పొద్దున్న ఒక మాట అడిగి పనిలోకి పోతాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి జవాబు వచ్చి ఉంటుంది. తలుపు తీసేసరికి లోపల ఏదో ఒక అలికిడి ఉంటుంది. ఇల్లన్నాక అది ఉండాలి కదా. మిగతావాళ్ళు అతన్ని వేళాకోళం చేస్తారు, పిచ్చెక్కిందంటారు. అతను పట్టించుకోడు. ఆ రాగి అంబలి మాత్రం ఉండ కట్టింది. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

ఇంతే జరిగింది. ఈ వారం నాకూ బాగానే ఉందనిపించింది.

నరసింగరావు

*

భావనపాడు,
11 ఫిబ్రవరి 1969.

బావా,

బాగానే ఉందనిపించిందా? ఒట్టేసి చెబుతున్నాను, తలుపు తట్టిన భాగాన్ని కూడా ఇది వెనక్కి నెట్టేసింది. నేను దీన్ని ఎంతమందికి చదివి వినిపించానో నీకు తెలీదు. మొదటి రోజు రేవులో ముగ్గురే. మర్నాడు వాళ్ళ వాళ్ళు వచ్చారు. మూడో రోజు మళ్ళల్లో పని వెతుక్కుంటూ వచ్చిన కూలీలు కూడా కూచున్నారు. ప్రతిసారీ “ఏటి తిన్నావు?” అన్న దగ్గర అందరూ ఒక్కసారే నవ్వుతారు, ఆ ముక్క మళ్ళీ చదవమంటారు.

బావా, రేడియోలో మన మాట వచ్చిందేమిటి? మొదటి భాగాల్లో ఆ ఏడుగురూ పంతుళ్ళలా మాట్లాడేవారు, అప్ప వాళ్ళని వెక్కిరించేది కూడా. ఇన్నాళ్ళకి ఎవరో మనవాళ్ళు చేరినట్టున్నారు రేడియోలో. ఇక్కడి జనం సంబరం చూడాలి. గురమ్మ అయితే “మనూరి మనిసే, పలాస పక్కది. సుక్క మీదకెల్లినా మాట మారలేదు సూడు” అని అందరికీ చాటుతోంది. అంత దూరంలో చేప లేకుండా ఆవిడ ఎలా బతుకుతోందని అప్పలసూరికి బెంగ. తాతమ్మ నీకు ఎండు రొయ్యలు కట్టి ఇచ్చింది, పలాస నుంచి రాజాం పోయే బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను. “మీ బావకిచ్చి, ఆ యమ్మ ఇంకేటి సెప్పిందో బేగి రాయమను” అంది. నీ ఉత్తరాలకి వీళ్ళు పెట్టిన పేరు రాజాం రేడియో.

ఉప్పు తీత మొదలైంది. రోజంతా తెల్లటి మళ్ళ మీద నడిచి కళ్ళు మండుతాయి. గదికొచ్చి తలుపు తీస్తే లోపల గాలి తప్ప ఏమీ ఉండదు. నీ కెప్టెనును చూసి నేనూ పొద్దున్న ఒక మాట అడిగి పోవడం మొదలుపెట్టాను, నవ్వకు. జవాబు రాదు. అడిగి పోవడం కూడా కాస్త బాగానే ఉంది.

ఆ గొంతు ఎలా ఉంటుందో రాయలేదు నువ్వు. సన్నంగా ఉంటుందా, లావుగా ఉంటుందా?

గణపతి

*

రాజాం,
23 మార్చి 1969.

గణపతికి,

ఎండు రొయ్యలు అందాయి. వండే విధానం తెలీక పక్కింటి కూర్మమ్మగారికి ఇచ్చాను. ఆవిడ వండి సగం తెచ్చి ఇచ్చింది. చాలా రోజులకి ఇంట్లో కూచుని తిన్నాను.

గొంతు గురించి అడిగావు. రేడియోలో గొంతు కదా, కాస్త గరగరమంటుంది. జలుబు చేసినట్టు. మాట చివర్న ఊపిరి తీసుకుంటుంది. అంతకంటే చెప్పలేను.

ఈ వారాల్లో పెద్దగా ఏమీ జరగలేదు. ఆవిడ మాటలు తగ్గాయి. కెప్టెనుకి ఒకటి అడగాలని ఉంది. ఇప్పుడు తెలిసిందేమిటంటే, ఆవిడ అతనికి కొత్త మనిషి కాదు. వెనకటికి ఇద్దరూ ఒకే నౌకలో ఉండేవారట. ఒక పూట ఆవిడే అతన్ని పని మీద బయటికి పంపించింది. వెళ్ళాలా అన్నాడు, వెళ్ళమంది. తిరిగొచ్చేసరికి ఆవిడ లేదు. ఆ పూట నన్నెందుకు పంపావని అడగాలి. రోజూ పొద్దున్న యంత్రం ముందు కూచుంటాడు. అడిగితే సాయంత్రం దాకా ఆగాలి. ఏం చెబుతుందో అని భయం, ఏమీ చెప్పదేమో అని ఇంకా భయం. ఇవాళ ఎండ ఎలా ఉంది అని అడిగి లేచి పోతాడు.

ఇది వినడానికి బాగుండదు, రేవులో చదవకు.

నరసింగరావు

*

భావనపాడు,
27 ఏప్రిల్ 1969.

బావా,

నువ్వు వద్దన్నావు కాబట్టి చదవలేదు. వాళ్ళకి ఉత్తరం రాలేదని చెప్పాను. దాంతో ఒక పని జరిగింది.

తాతమ్మ చేపలు అమ్ముకోడానికి టెక్కలి వెళ్తుంది కదా. ఎప్పుడూ మధ్యాన్నానికే తట్ట ఖాళీ చేసుకుని వచ్చేస్తుంది. మొన్న లక్ష్మీవారం రాలేదు, మర్నాడు పొద్దున్న వచ్చింది. రాజాం రేడియో పలకడం లేదు, టెక్కలి రేడియో అయినా విందామని, రేడియో ఉన్న హోటలు చూసుకుని దాని ముందు ఎనిమిదింటి దాకా కాసుకు కూచుందట. చేపల వాసన అని వాళ్ళు వెళ్ళగొట్టబోతే, “నాకు పలారం ఒద్దు, కాపీ ఒద్దు. ఆ సుక్క మీద మా ఊరి మనిసి మాటాడతాది, దానూసు ఇని ఎల్లిపోతాను” అందట. హోటలు అతను నవ్వి, ఆ నాటకం శివరాత్రికి ముందే అయిపోయిందమ్మా అన్నాడట. పైగా అందులో అలాంటి ఆడమనిషే లేదు, నేను ఒక్క వారం మానకుండా విన్నాను అన్నాడట.

తాతమ్మ నా గదికే వచ్చింది. గడప మీద కూచుని జరిగింది జరిగినట్టు చెప్పింది. కోపం లేదు, నవ్వూ లేదు. టెక్కలి వాళ్ళది వేరే స్టేషను అయి ఉంటుంది, రాజాంలో వేరే స్టేషను పలుకుతుంది అన్నాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది.

“ఔలే బాబూ. ఆల రేడియో ఏరు, మీ బావ రేడియో ఏరు. ఆ బాబుని రాయనీ. ఎవుల్తోటీ సెప్పకు.” అని తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. అప్పటినుంచి రేవులో ఎవరు అడిగినా, టెక్కలిలో రేడియో పాడైందని ఆవిడే చెబుతోంది.

బావా, నాకు అనుమానం ముందే వచ్చి ఉండాలి. జలుబు చేసినట్టుండే గొంతు, మాట చివర్న ఊపిరి తీసుకోవడం. నేను ఆ గొంతు వింటూ పెరిగాను. సోడంబలి ఉండ కడితే నన్ను అడక్కు అని ఎన్నిసార్లు తిట్లు తిన్నానో. తెలిసీ తెలియనట్టు నటించానేమో కూడా. ఆవిడ మాట్లాడుతోంది కదా, ఎవరి నోట అయితేనేం అనుకున్నానేమో.

నాకు నీ మీద కోపం లేదు. నువ్వు ఇంకా రాయి, రాసినన్నాళ్ళు నేను చదువుతాను. కానీ ఒక్కటి అడుగుతాను, ఇది నాటకం గురించి కాదు. ఆ కెప్టెనుని ఏ పని మీద పంపించింది? వెళ్ళాలా అంటే వెళ్ళమందన్నావు. ఆ లక్ష్మీవారం అప్ప దగ్గర నువ్వు లేవా బావా? ఎక్కడున్నావు?

ఎంత మాట అయినా సరే రాయి. నేను ఇక్కడ ఒక్కణ్ణే ఊహించుకుంటూ ఉండలేను.

గణపతి

*

రాజాం,
18 మే 1969.

గణపతీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. తాతమ్మగారికి నా నమస్కారం చెప్పు.

రేడియో నేను పెట్టనే లేదురా. మీ అప్ప పూల కుట్టు వేసిన గుడ్డ దాని మీద అలాగే కప్పి ఉంది. నువ్వు రాయమన్నావు, విననూ లేను, రాయనని చెప్పనూ లేను. మిల్లులో కూచుని నోటికొచ్చింది రాయడం మొదలుపెట్టాను. ఆవిడ అందులోకి ఎలా వచ్చిందో నాకు తెలీదు. పిలిచి తీసుకొచ్చింది నేను కాదు.

ఆ లక్ష్మీవారం పగలంతా మీ అప్ప కాస్త తేరుకున్నట్టే ఉంది. జ్వరం దిగింది. నాలుగు చెంచాల జావ తాగింది. డాక్టరు కూడా పరవాలేదన్నాడు. సాయంత్రం దీపాలు పెట్టాక కళ్ళు తెరిచి, “ఇదిగో, ఈ రోజు లచ్చివారం కదేటి?” అంది. ఔనన్నాను. “బయట ఏదో హోటల్లో రేడియో ఉంటాది. ఎల్లి ఇనిరా. ఆ తలుపు కొట్టింది ఎవుడో సూడు. నాను రేపు ఆడికి రాయాల. ఆడు అక్కడ ఒక్కడూ ఉన్నాడు, నా ఉత్తరం కోసం సూస్తాడు.” నిన్ను ఒదిలి ఎలా వెళ్ళను అన్నాను. “నానెక్కడికి పోతాను? ఎల్లు. గురక ఎట్టకుండా ఇను” అని నవ్వింది కూడా. వెళ్ళాను.

నువ్వు అడిగావు కదా, నిన్ను తలుచుకుందా అని. అదీ తలుచుకోవడం. నీకు ఇన్నాళ్ళూ చెప్పకపోవడానికి కారణం కూడా అదే. నీ కోసం నన్ను పంపిందని తెలిస్తే నువ్వు దాన్ని నీ నెత్తిన వేసుకుంటావు. వేసుకోకు. పంపింది ఆవిడ, వెళ్ళింది నేను. కొన్నాళ్ళు నీ మీద కోపం వచ్చిన మాట నిజమే. బస్సు దగ్గర మాట్లాడనిది అందుకే. ఇప్పుడు లేదు.

ఆ భాగం వినలేదని రాశాను, అబద్ధం. ఆసుపత్రి రోడ్డు చివర హోటల్లో బెంచీ మీద కూచుని విన్నాను. పక్కవాళ్ళు కబుర్లాడుతుంటే కసిరాను. నా జన్మలో దేన్నీ అంత శ్రద్ధగా వినలేదు, ఆవిడ అడిగితే ఒక్క ముక్క పోకుండా చెప్పాలి కదా. నువ్వు ఎదురుచూసిన భాగం ఏమిటంటే, వాళ్ళు తలుపు తియ్యలేదు. బయట చప్పుడవుతూనే ఉంది. తీద్దామని డాక్టరమ్మ అంటుంది. తీస్తే లోపలి గాలి పోయి అందరం చస్తాం అని కెప్టెను అంటాడు. అది మనిషి కాదు, తెగిన తాడు కొస కొట్టుకుంటోంది అని ఒకడు. కాదు, రాఘవులే అని ఒకడు. అరగంటా వాదించుకున్నారు. తలుపు తీశారో లేదో వచ్చే వారం అని ముగించేశారు. నాకు ఒళ్ళు మండింది. దీని కోసమా వచ్చాను అనిపించింది.

ఆ వచ్చే వారం ఏమైందో నాకు నిజంగా తెలీదు. టెక్కలి హోటలు అతన్ని అడిగి తెలుసుకో.

లేచి నడక మొదలుపెట్టాను. తియ్యలేదు అని చెబితే మీ అప్ప ఊరుకుంటుందా? ఇంత సేపు ఏం విన్నావు, నిద్రపోయావు కాబోలు అని నన్నే అంటుంది. సగంలో ఆపేస్తే ఆవిడకి అన్నం సయించదు, అసలే జావ మీద ఉన్న మనిషి. అందుకని తోవలో నేనే ఒకటి కల్పించుకుంటూ వచ్చాను. కథ కల్పించడం నాకు అదే మొదలు. నీ ఉత్తరాల కోసం కల్పించింది ఆ తరవాతే.

వార్డులోకి వెళ్ళేసరికి పక్క మంచం ముసలమ్మ లేచి నిలబడి ఉంది. “బాబూ, నీ కోసం సూసింది. కత అయిపోయుంటాది, వచ్చేస్తన్నాడు అన్నాది. అనీసి కళ్ళు మూసుకుంది. నిద్దరనుకున్నాను” అంది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. వేరే మాట ఏదీ లేదు, గణపతీ. నువ్వు అడిగినదంతా ఇంతే.

నేను తోవలో కల్పించింది ఎవరికీ చెప్పలేదు. ఆవిడ పక్కన కూచుని చెబుదామా అని కూడా అనిపించింది, మనుషులు వచ్చేశారు. ఇప్పుడు నీకు రాస్తున్నాను, నీ కోసమే కదా వినమంది.

తలుపు తీశారు. గాలి పోలేదు, ఎవరూ చావలేదు. గుమ్మంలో రాఘవులు నిలబడి ఉన్నాడు. జుట్టు చెదిరిపోయి ఉంది, చలికి వణుకుతున్నాడు. ఇంతసేపేమిటి తలుపు తియ్యడానికి అని అందర్నీ కసురుకుంటూ లోపలికి వచ్చి, తన పళ్ళెం ముందు కూచున్నాడు. అన్నం పెట్టారు.

నీ బావ,
నరసింగరావు